పని మీద వచ్చినవాడికి ఊరు చూపించేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చలికాలపు యాత్రల మీద రెండు పేజీలు వేశారు. మంచు కొండలు, పడవ ఇళ్లు, అయిదు రాత్రులు ఆరు పగళ్లు, పిల్లలకు ఉన్ని బట్టలు. చదివి పక్కన పెట్టబోయాను గానీ మనసు ఒప్పుకోలేదు. చలికాలంలో రైలెక్కేవాళ్లందరూ యాత్రకే వెళ్లరు. నాలాంటి గుమాస్తాలు, సేల్స్‌వాళ్లు, ఆడిటర్లు, మెకానిక్కులు పని మీద వెళ్తారు. వాళ్లకు సెలవు ఉండదు, వెంట కుటుంబం ఉండదు, ఊళ్లో తెలిసినవాళ్లూ ఉండరు. దొరికేది ఒక పూటో, పూటన్నరో. ఆ పూటన్నరలో ఏం చూడొచ్చో ఏ పత్రికా రాయగా నేను చూడలేదు.

నేను గుంటూరులో మిర్చి వ్యాపారి దగ్గర 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. బ్యాడగి వెళ్లాను, ఇండోర్ వెళ్లాను, జీలకర్ర బేరం కోసం ఊంఝా కూడా వెళ్లాను. ఆ ఊళ్లు ఎలా ఉంటాయని మా అమ్మాయి అడిగితే చెప్పడానికి నా దగ్గర మూడే ఉండేవి: స్టేషను, లాడ్జి, గోదాము. మొన్న డిసెంబరులో మొదటిసారి కోల్‌కతా పంపారు. సంక్రాంతి దాటితే మిర్చి యార్డుకు కొత్త కాయ వస్తుంది, అప్పటికి గోనె సంచులు సిద్ధంగా ఉండాలి. గోనె అంటే బెంగాలే. ‘రేటు సంగతి నేను ఫోనులో చూసుకుంటాను, నువ్వు సంచి చూసి రా’ అన్నారు మా యజమాని. సంచి చూడటం అంటే చిన్న పని కాదు. వెలుతురుకు ఎత్తిపట్టి నేత చూడాలి, కుట్టు లాగి చూడాలి, తూకం వేయాలి, దబ్బనం దిగినచోట పోగు తెగుతోందేమో చూడాలి.

ఫలక్‌నుమా ఎక్కితే మర్నాడు సాయంత్రానికి హావ్‌డా. రైలు దిగేసరికి ఆరు కావస్తోంది, బయట చిమ్మచీకటి. రైలు బాగా ఆలస్యమైందనుకున్నాను. కాలేదు. డిసెంబరులో అక్కడ అయిదు కొట్టకముందే సూర్యుడు అస్తమిస్తాడు. గుంటూరులో అదే వేళకు ఇంకా మిద్దె మీద బట్టలు ఆరుతుంటాయి. ఈ చిన్న సంగతి ముందు తెలియక నేను వేసుకున్న ప్రణాళిక మొత్తం పాడైంది. పగలు పది నుంచి అయిదున్నర దాకా పని చూసుకుని, సాయంత్రాలు ఊరు తిరుగుదామనుకున్నాను. అక్కడ సాయంత్రమే లేదు. మధ్యాహ్నం అయ్యాక రాత్రి అవుతుంది.

లాడ్జిలో కాపలా ఉండే పెద్దాయన బిహారు మనిషి. నా మొహం చూసి, ‘సాయంత్రం మీద ఆశ పెట్టుకోకండి, పొద్దున ఆరుకు లేచి ఫూల్ ఘాట్‌కు వెళ్లండి’ అన్నాడు. ఆ ఊళ్లో నాకు దొరికిన మంచి సలహా అదొక్కటే, అది కూడా ఉచితం.

ఫూల్ ఘాట్ అంటే హావ్‌డా వంతెన కింద ఉన్న మల్లిక్ ఘాట్ పూల మార్కెట్టు. నేను వెళ్లేసరికి హుగ్లీ నది మీద, వాళ్లు గంగే అంటారు, పొగమంచు. వంతెన పైభాగం కనబడుతోంది, కాళ్లు కనబడటం లేదు. బంతిపూల దండలను మనవాళ్లలా గంపల్లో పెట్టి మోయరు. మనిషంత పొడుగు దండలు గుత్తులు గుత్తులుగా భుజానికి ఇటూ అటూ వేలాడదీసి నడుస్తారు. వెనక నుంచి చూస్తే పూల కుప్ప నడిచిపోతున్నట్టుంటుంది, కింద రెండు బురద కాళ్లు మాత్రం కనబడతాయి. పక్కకు తప్పుకోమని అరుస్తారు, తప్పుకోకపోతే తోసేస్తారు. యార్డులో హమాలీల మధ్య బతికినవాణ్ని కనుక నాకు కొత్త అనిపించలేదు. చలి పెద్దగా లేదు, అయినా ఊరంతా మంకీ టోపీలే. పసిపిల్లలకు, పోలీసులకు, చివరికి గంగలో మునగబోతున్న ఒక ముసలాయనకు కూడా. ఆయన పంచె విప్పాడు గానీ టోపీ మాత్రం చివరిదాకా తీయలేదు.

ఆ వంతెనను 1943లో తెరిచారు. నట్లు, బోల్టులు లేకుండా మొత్తం రివెట్లతో కట్టారు. పొడవు 705 మీటర్లు. ఇవన్నీ పిల్లల పుస్తకాల్లో ఉంటాయి. నన్ను ఆపింది వేరే విషయం. వంతెన మీద నడిచే దారి పక్కన ఉక్కు స్తంభాల మొదళ్లకు తొడుగులు వేసి ఉన్నాయి. ఎందుకని టీ కొట్టతన్ని అడిగితే, కిళ్లీ నమిలి ఉమ్మిన ఉమ్ములకు ఉక్కు తినేసిందట, అందుకని ఫైబర్ తొడుగులు వేశారట. యుద్ధకాలంలో బాంబులు పడినా నిలిచిన ఊళ్లో వంతెనకు ఉమ్మి గండమైంది. మన బస్టాండు గోడలు గుర్తొచ్చి నవ్వలేకపోయాను. ఆ టీ మట్టి ముంతలో ఇచ్చాడు. తాగాక ముంత పారేయడానికి చేయి రాలేదు. అతను నా చేతిలోంచి తీసుకుని బుట్టలోకి గిరాటేశాడు.

రెండోరోజు నేను బస్సు తప్పెక్కాను. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఎస్ప్లనేడ్‌లో ఫలానా నెంబరు బస్సు ఎక్కి ఖిదిర్‌పూర్ వైపు గోదాముకు రమ్మని మా దళారీ చెప్పాడు. ఆ నెంబరు 8తో మొదలవుతుంది. బస్సు వచ్చింది, ముందు 8 కనబడింది, ఎక్కి కూర్చున్నాను. అక్కడి ప్రైవేటు బస్సుల మీద చాలావాటికి అంకెలు బెంగాలీలో రాసి ఉంటాయి. బెంగాలీ నాలుగు అచ్చంగా మన 8. వాళ్ల ఏడు ఇంచుమించు మన 9. అసలు ఎనిమిది ఇంకేదో వంకరగా ఉంటుంది. కండక్టరు బస్సు రేకు మీద చేత్తో కొడుతూ ఊళ్ల పేర్లు గుక్క తిప్పుకోకుండా అరుస్తున్నాడు, అందులో ఖిదిర్‌పూర్ లేదని తెలుసుకునే తెలివి నాకు లేదు. ముప్పావు గంట తర్వాత ఒక పెద్ద కూడలిలో దించాడు. అయిదు దారులు, మధ్యలో గుర్రం మీద నేతాజీ. అది శ్యామ్‌బజార్, ఊరికి ఉత్తరాన. నేను వెళ్లాల్సింది దక్షిణానికి.

దళారీకి ఫోను చేస్తే ముందు నవ్వాడు, తర్వాత మెట్రో ఎక్కమన్నాడు. మన దేశంలో మొదటి మెట్రో ఆ ఊరిదే, 1984లో మొదలైంది. నాకు మాత్రం కూడలిలో ట్రాము కనబడింది. ఎలాగూ ఆలస్యమైంది, ఇంకో అరగంట ఆలస్యమైతే మునిగేదేమీ లేదని ట్రాము ఎక్కాను. యజమాని ఈ ఉత్తరం చదివితే చదవనివ్వండి.

గుర్రాలు లాగిన ట్రాము ఆ ఊళ్లో 1873లో వచ్చిందట, కరెంటు ట్రాము 1902లో. ఇప్పుడు ఒకటి రెండు దారుల్లోనే మిగిలింది. చెక్క సీట్లు, కడ్డీల కిటికీలు, పైన తీగ లాగితే మోగే గంట. వేగం ఎంతంటే, పక్కన సైకిల్ రిక్షా మమ్మల్ని దాటిపోయింది. ఆ నిదానం వల్లే నాకు ఊరు కనబడింది. మేడ మీద పచ్చ రంగు చెక్క తలుపుల మధ్య బొంత ఆరేస్తున్న అమ్మాయి, మెట్ల మీద చదరంగం ఆడుతున్న మంకీ టోపీలు, కాలేజ్ స్ట్రీటులో గోడ పొడుగునా పేర్చిన పాత పుస్తకాలు. ఆ కొట్లలో కొన్ని ఒక తలుపంత వెడల్పు. లోపల మనిషి పట్టడు, అతను కూడా పుస్తకాలతో పాటు పేర్చినట్టే కూర్చుంటాడు. మెట్రోలో వెళ్లి ఉంటే నాకు సొరంగం దక్కేది. (అదీ తర్వాత ఎక్కాను లెండి. హుగ్లీ కింద నుంచి వెళ్లే కొత్త దారిలో నది దాటడానికి ముప్పావు నిమిషం. నీలం దీపాలు వెలిగాయి, అందరూ ఫోన్లు పైకెత్తారు, నది అయిపోయింది.)

గోదాములో దళారీ నన్ను మాటలతో దెప్పలేదు. నమూనా సంచికి కట్టిన చీటీ విప్పి, దాని వెనక బెంగాలీ అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకా రాసి, కింద మామూలు అంకెలు వేసి చేతిలో పెట్టాడు. ఆ చీటీ ఇంకా నా పర్సులో ఉంది. ఆ రోజు నాకు కోపం రావాల్సింది గానీ అసూయ కలిగింది. వాళ్లు తమ అంకెలు బస్సుల మీద నిలుపుకున్నారు. మన తెలుగు అంకెలు మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ రావు, మా నాన్నగారికి వచ్చేవి.

శనివారం హుగ్లీ ఒడ్డున పైకి, టిటాగఢ్ వైపు, ఒక మిల్లు చూడటానికి తీసుకెళ్లారు. ఈ నది ఒడ్డున మొదటి జనపనార మిల్లు రిష్రాలో 1855లో వచ్చింది. లోపల చెవులు పనిచేయవు, గాల్లో నార దుమ్ము ఎగురుతుంటుంది. నార మెత్తబడటానికి నీళ్లూ నూనే కలిపి చల్లుతారు. కొత్త గోతాం విప్పినప్పుడు మన ముక్కుకు తగిలే ఆ కిరసనాయిలు లాంటి వాసన అక్కడ పుడుతుందని 19 ఏళ్ల తర్వాత తెలిసింది. నేను ఫోనులో మా గోదాము వాళ్లతో మాట్లాడుతుంటే ఒకాయన మగ్గం వదిలి దగ్గరకు వచ్చాడు. ‘మీది ఏ జిల్లా బాబూ?’ అన్నాడు. తెలుగే, కానీ మాట చివర బెంగాలీ సాగతీత. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మిల్లులో చేరారట. తాను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, సొంతూరు రెండుసార్లు చూశాడు, అదీ పెళ్లిళ్లకు. ‘గుంటూరు మిరపకాయ మా ఇంట్లో ఉంటుంది, గుంటూరు ఎటుంటుందో తెలియదు’ అన్నాడు. నేను చూస్తున్న సంచి ఆయన నేసిందో కాదో గానీ, ఆ సంచిలో మా కాయ ఎక్కి ఏ దేశానికో పోతుంది. మా ఇద్దరికీ ఆ సంచి ఒక్కటే చుట్టరికం. ఆయన టీ ఇప్పించాడు, డబ్బులివ్వనివ్వలేదు.

ఆదివారం పూర్తిగా నాది. సోమవారం దొరికి ఉంటే నా అదృష్టం అంతే, మ్యూజియానికీ విక్టోరియా మెమోరియల్‌కూ రెండింటికీ సోమవారం సెలవు. పని మీద వెళ్లేవాళ్లు టికెట్టు తీసుకునేముందు చూసుకోవాల్సింది ఇదే. విక్టోరియా వారి పాలరాతి భవనం బయటి నుంచి చూసి సరిపెట్టుకున్నాను. నేను వెళ్లింది ఇండియన్ మ్యూజియానికి. 1814లో పెట్టింది, అక్కడి జనం జాదూఘర్ అంటారు. వచ్చినవాళ్లందరూ ఈజిప్టు మమ్మీ ఎక్కడని అడుగుతున్నారు. నేను అమరావతి శిల్పాలు ఎక్కడని అడిగాను. కాపలా మనిషి అర్థంకానట్టు చూసి, మధ్యప్రదేశ్‌లోని భర్హుత్ బౌద్ధ స్తూపపు ఎర్రరాతి కంచె ఉన్న గది వైపు చేయి చూపించాడు. అది దాటి తిరిగి తిరిగి చివరికి పట్టుకున్నాను.

మా అమ్మమ్మది అమరావతి పక్క ఊరు. చిన్నప్పుడు స్తూపాన్ని దీపాలదిన్నె అనేవాళ్లు, ఆ దిన్నె మీద మేకలు మేసేవి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ మొదట 1797లో అక్కడికి వచ్చాడు. 1816లో మళ్లీ వచ్చి కొలతలు తీయించాడు, బొమ్మలు గీయించాడు, పలకలు కొన్ని బందరుకు, కొన్ని మద్రాసుకు, కొన్ని కలకత్తాకు పంపించాడు. ఆ తర్వాత చాలా రాళ్లు లండను చేరాయి. కలకత్తాలో మిగిలినవి కొద్ది. పాలిపోయిన ఆకుపచ్చ ఛాయ ఉన్న మన పల్నాటి సున్నపురాయి. ఆ రంగు దూరం నుంచే గుర్తుపట్టాను. మా అమ్మమ్మ ఇంటి వెనక రోలు అదే రంగు. పక్కన ఒక తండ్రి కొడుకును ఎత్తుకుని, రెండు క్షణాలు చూసి, మమ్మీ వైపు వెళ్లిపోయాడు. నాకు వాళ్లను ఆపి చెప్పాలనిపించింది. ఏ భాషలో చెప్పను?

అక్కడి నుంచి పార్కు స్ట్రీటు శ్మశానానికి నడిచాను. 1821లో కలకత్తాలో చనిపోయిన మెకంజీని పార్కు స్ట్రీటులోనే ఖననం చేశారు. ఆయన దగ్గర పనిచేసిన ఏలూరి కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, లేకపోతే మన పల్లెల కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు, ఉండేవి కావు. అంతదూరం వెళ్లాక సమాధి చూడకపోతే ఎలా అనుకున్నాను. లోపల అది శ్మశానంలా ఉండదు. పిరమిడ్లు, గుమ్మటాలు, స్తంభాల మండపాలు, వాటి పగుళ్లలో ఫెర్ను మొక్కలు, అంతా నాచు. సంస్కృత పండితుడైన విలియం జోన్స్ దొర సమాధి మాత్రం అందరికంటే ఎత్తుగా ఉంది కాబట్టి దొరికింది. మెకంజీ దొరకలేదు. అక్షరాలు అరిగిన రాళ్లు వేలితో తడుముతూ గంటసేపు తిరిగాను. నాలుగున్నరకు వెలుతురు తగ్గింది, కాపలాదారు తాళాలు గలగలలాడించాడు. చలికాలం కాకపోతే ఇంకో గంట దొరికేది. మన బ్రౌను దొర పుట్టింది కూడా ఆ ఊళ్లోనే, 1798లో. ఎక్కడో వెతికే ఓపిక అప్పటికి లేదు, సందేశ్ మిఠాయి కొట్టుకు వెళ్లాను.

ఆ కొట్టు సంగతి ఒక్కటి చెప్పాలి. చలికాలంలో మాత్రమే దొరికే నొలేన్ గుడ్ (కొత్త బెల్లం) సందేశ్ తినమని అందరూ చెప్పారు. తిన్నాను. పొగ వాసన తగిలే తీపి, నాలుక మీద ఇసుకలా విరిగి కరుగుతుంది. ఆ బెల్లం దేనితో చేస్తారని అడిగితే ఖర్జూర చెట్టు అన్నారు. బొమ్మ చూపించారు. చూస్తే మన ఈత చెట్టు! మన చెరువు గట్ల మీద ఉండే ఈత చెట్టే. చలిలో నీరా తీయగా, పులవకుండా దిగుతుందట, రాత్రి కుండ కట్టి తెల్లవారకముందే దించి కాచేస్తారు. మనమూ అదే చెట్టుకు కుండ కడతాం, కాచేదాకా ఆగం. అరకిలో బెల్లం కట్టించుకుని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ రుచి చూసి, ‘బెల్లమే కదా, దీనికోసం అంత దూరం మోశారా?’ అంది. మూడు రోజుల్లో డబ్బా ఖాళీ అయింది. తిన్నది నేను కాదు.

ఇక అసలు విషయం. ఆదివారం రాత్రి భోజనం దగ్గర మా దళారీ నాతో ఇలా అన్నాడు: ‘మీ గుంటూరుకు నాలుగుసార్లు వచ్చాను. యార్డు చూశాను, లాడ్జి చూశాను, బ్రాడీపేటలో ఇడ్లీ తిన్నాను. చూడటానికి ఇంకేముందని అడిగితే మీవాళ్లు నవ్వేవారు.’ ఆ నవ్విన వాళ్లలో నేనూ ఉండి ఉంటాను. బయటి రాష్ట్రాల కొనుగోలుదారులు ఎవరడిగినా, ‘ఏముందండీ, ఎండా, మిర్చి ఘాటూ’ అని 19 ఏళ్లుగా చెబుతున్నాను. అమరావతి 35 కిలోమీటర్లు. జనవరి నుంచి వేసవి దాకా యార్డుకు ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారు. శని, ఆదివారాలు యార్డుకు సెలవు, ఆ రెండు రోజులూ వాళ్లు లాడ్జి గదుల్లో ఫోను చూస్తూ పడుకుంటారు. అమరావతి మ్యూజియానికి సెలవు శుక్రవారం. అంటే శని, ఆదివారాల్లో తెరిచే ఉంటుంది. ఇంత చక్కగా కుదిరిన సంగతి లాడ్జి గుమస్తాకూ తెలియదు, నాకూ నిన్నమొన్నటిదాకా పట్టలేదు.

నేను అడిగేవి రెండే. యార్డు దగ్గర, లాడ్జిల్లో ఒక చిన్న కాగితం అంటించాలి: ఏ బస్సు, ఎక్కడ ఎక్కాలి, ఎన్నింటికి తెరుస్తారు, ఏ రోజు మూస్తారు. హిందీలో, ఇంగ్లీషులో, వీలైతే బెంగాలీలో, గుజరాతీలో. దానికి ప్రభుత్వం దిగిరానక్కర్లేదు, కమీషను ఏజెంట్లు తలా పది రూపాయలు వేసుకుంటే చాలు, నా వంతు నేను మా యజమాని చేత వేయిస్తాను. రెండోది మీకు. జిల్లా పేజీలో మిర్చి ధరలు రోజూ వేస్తారు కదా, శుక్రవారం నాడు ఆ ధరల కింద రెండు వరుసలు ఈ వివరాలు వేయండి. కొనుగోలుదారులు మీ పత్రికలో చదవగలిగేది ఆ అంకెలొక్కటే. వాళ్ల కళ్లు అక్కడికి ఎలాగూ వస్తాయి. ఊళ్ల పేర్లు తెలుగులో మాత్రమే రాసిన బస్సు బోర్డుల గురించి కూడా రాద్దామనుకున్నాను. శ్యామ్‌బజార్‌లో నిలబడి నేను పడ్డ అవస్థే ఇక్కడ వాళ్లూ పడుతుంటారు. అది వేరే ఉత్తరం.

మా దళారీ ఫిబ్రవరిలో వస్తున్నాడు. శనివారం వెళ్దామని ఇద్దరం అనుకున్నాం, కానీ నాకు ఆ రోజు పని పడితే ఒక్కడే వెళ్తానంటున్నాడు. అందుకని అతను చేసిన పనే నేనూ చేశాను. నమూనా చీటీ వెనక పెద్ద అక్షరాలతో ‘అమరావతి’ అని రాసి, బస్సు బోర్డు మీద ఇదే వెతుక్కోమని పంపించాను. నిన్న ఫోనుకు ఒక బొమ్మ పంపించాడు. నోటుబుక్కులో ఒక పేజీ నిండా సాధన చేశాడు. అక్షరాలు గుండ్రంగా బాగానే కుదిరాయి గానీ ప్రతిచోటా ‘అమరాపతి’ అని రాశాడు. దిద్ది పంపించాను.

ఒక పాఠకుడు,
గుంటూరు